ఫిర్యాదుకు బయలుదేరిన ఊరు

1919 ఏప్రిల్ 10 ఉదయం అమృత్‌సర్ డిప్యూటీ కమిషనర్ మైల్స్ ఇర్వింగ్ బంగళా నుంచి ఇద్దరు నాయకులకు పిలుపు వచ్చింది. ఒకరు బారిస్టర్ సైఫుద్దీన్ కిచ్లూ, మరొకరు డాక్టర్ సత్యపాల్. వెళ్లినవారిని వెళ్లినట్టే మోటారు కార్లలో ధర్మశాలకు తరలించారు. అభియోగం లేదు, విచారణ లేదు. పైనుంచి లెఫ్టినెంట్ గవర్నర్ మైకేల్ ఓడ్వయర్ ఉత్తర్వు మాత్రం ఉంది. ఊరంతా రౌలట్ చట్టం మీద మండిపడుతున్న రోజులవి. అయితే ఈ నిర్బంధానికి సర్కారు ఆ చట్టం జోలికే పోలేదు. యుద్ధకాలపు డిఫెన్స్ ఆఫ్ ఇండియా నిబంధనలే సరిపోయాయి.

మూడు రోజుల తరువాతి జలియన్‌వాలాబాగ్ నెత్తురు మరకలో ఏప్రిల్ 10 దాదాపు కనుమరుగైంది. నిజానికి ఆ కథకు మొదలు ఇక్కడే.

వార్త తెలియగానే అంగళ్లు మూతపడ్డాయి. జనం గుమిగూడి, నాయకులను విడిచిపెట్టమని అడగడానికి సివిల్ లైన్స్‌లోని ఇర్వింగ్ బంగళా వైపు నడిచారు. తలపాగాలు లేవు, చాలామంది కాళ్లకు చెప్పులు లేవు, చేతుల్లో కర్రలైనా లేవు. సంతాపంలో ఉన్నవారు పాలకుడి ఎదుటికి వెళ్లే తీరు అది. తాము చేయబోయేది ‘ఫరియాద్’ అన్నారు. మన ‘ఫిర్యాదు’ ఆ మాటే. దారిలో యూరోపియన్లు ఎదురైనా, బ్యాంకులు కనబడినా ఆ జనం ముట్టుకోలేదని కాంగ్రెస్ విచారణ సంఘం నమోదు చేసింది.

రైల్వే వంతెన దగ్గర సైన్యం అడ్డుకుంది, కాల్పులు జరిపింది. కొద్దిసేపటికి మరింత పెద్ద గుంపు చేరింది. సలారియా, మక్బూల్ మహమూద్ అనే ఇద్దరు న్యాయవాదులు మధ్యలో నిలబడి జనాన్ని వెనక్కి మళ్లించాలని, అధికారులను ఆపాలని ప్రయత్నిస్తుండగానే మళ్లీ తుపాకులు పేలాయి. సుమారు 20 మంది చనిపోయారు.

తరువాత జరిగినదాన్ని దాచనవసరం లేదు. తిరిగి వచ్చిన గుంపు బ్యాంకులను తగులబెట్టింది, ఐదుగురు యూరోపియన్లను చంపింది, మిషనరీ మార్సెల్లా షేర్‌వుడ్‌ను చావగొట్టింది. చివరకు ఆమెను కాపాడినది ఊరివారే. ఆమెపై దాడి జరిగిన వీధిలో డయ్యర్ కొరడా దెబ్బలకు కొయ్య నాటించి, అటు వెళ్లే భారతీయులందరూ పొట్టమీద పాకాలని ఆజ్ఞాపించాడు. హంటర్ కమిటీ బాగ్‌లో డయ్యర్ చేసినదాన్ని విమర్శించింది కానీ, వంతెన కాల్పులను తప్పుపట్టలేదు. మొర పెట్టుకోవడానికి వస్తున్నవారిలో ఒక్కరినైనా లోపలికి పిలిచి వినడానికి ఇర్వింగ్‌కు ఏమి అడ్డొచ్చిందన్న ప్రశ్న అలాగే ఉండిపోయింది.

విచారణ లేని నిర్బంధం తెల్లదొరలతో పడవెక్కి పోలేదు. గణతంత్రం వచ్చి నెల తిరగగానే, 1950 ఫిబ్రవరిలో, పార్లమెంటు నివారక నిర్బంధ చట్టం చేసింది. రాజ్యాంగంలోని 22వ అధికరణమే అందుకు చోటిచ్చింది. నిర్బంధితుడికి విజ్ఞాపన చేసుకునే హక్కు ఉంది. అయితే దాన్ని చేసుకోవలసింది తనను పట్టుకున్న ప్రభుత్వానికే. అప్పటికి రెండేళ్లకు పైగా మద్రాసు రాష్ట్రపు జైళ్లలో ఉన్న కమ్యూనిస్టు నాయకుడు ఏ.కె. గోపాలన్ సుప్రీంకోర్టుకెక్కారు. ఆ ఏడాది మేలో కోర్టు చట్టాన్ని నిలబెట్టింది. జస్టిస్ ఫజల్ అలీ విభేదించారు. ఒక్క 14వ సెక్షన్ మాత్రం పోయింది. నిర్బంధానికి చెప్పిన కారణాలను, నిర్బంధితుడు రాసుకున్న విజ్ఞాపనను న్యాయమూర్తుల కంటపడకుండా దాచిన సెక్షన్ అది.