నాలుగింటి తర్వాత

నా ఉద్యోగం సాయంత్రాలది. మా జిల్లా కేంద్రంలో పిల్లల కేంద్రం ఒకటి ఉండేది. అది హైదరాబాదు బాలభవన్ వరసలోనిదే. అందులో మట్టిబొమ్మలు నేర్పేదాన్ని. కాగితాల మీద నా హోదా ‘క్లే మోడలింగ్ ఇన్‌స్ట్రక్టర్’. పిల్లలకు మాత్రం ‘మట్టి టీచర్’ని. ఊళ్ళో బడులన్నీ తాళాలు వేసుకునే వేళకు మేం తలుపులు తీసేవాళ్ళం. అందుకే సాయంత్రప్పూట జరిగే పేరంటానికి నేను ఎప్పుడూ అందలేదు. “టీచరమ్మ కదా, నాలుగున్నరకల్లా ఇంట్లో ఉంటుందిలే” అన్న ధైర్యంతోనే మా అత్తగారు ఈ సంబంధం ఖాయం చేశారని మా ఆయన ఇప్పటికీ నవ్వుతుంటాడు.

రిటైరయ్యాక, మా ఈ సాయంత్రపు పనికి పూర్వీకులెవరా అని వెతకడం మొదలుపెట్టాను. బడి గురించి చాలామంది రాశారు. బడి వదిలాక పిల్లల్ని ఎవరు కనిపెట్టుకుని ఉన్నారన్న సంగతి మాత్రం ఒకచోట లేదు. కొంత కలెక్టర్ల ఉత్తరాల్లో ఉంది, కొంత రేడియో చరిత్రలో ఉంది, ఇంకొంత మా ఇళ్ళలోనే ఉంది. ఆ ముక్కలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తోచింది ఒకటే: పిల్లల సాయంత్రం దానంతటది గడవలేదు. ప్రతి కాలంలోనూ అది ఎవరో ఒకరు చేసిన పని.

మొదటి ముక్క 1823 నాటిది. అంతకుముందు ఏడాది మద్రాసు గవర్నరు థామస్ మన్రో, ఊళ్ళలో బడులెన్ని ఉన్నాయో లెక్క పంపమని కలెక్టర్లను అడిగాడు. బళ్ళారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ ఆగస్టులో జవాబు రాశాడు. తెలుగు వ్యాకరణం, నిఘంటువు కూర్చిన క్యాంప్‌బెల్ ఈయనే. అప్పటి బళ్ళారి జిల్లాలో ఇప్పటి అనంతపురం సీమ కూడా కలిసి ఉండేది. మొత్తం 533 బడులు, 6,641 మంది పిల్లలు. వాటిలో తెలుగు బడులు 226.

ఆ ఉత్తరంలో నాకు నచ్చింది అంకెలకన్నా బడి నడిచే తీరు. పొద్దున ఆరింటికే పిల్లలు చేరాలి. అందరికన్నా ముందొచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారు. రెండోవాడికి సున్న చుట్టేవారు. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆపైన ఎంత ఆలస్యమైతే అన్ని. అక్షరాలు ఇసుకలో వేలితో దిద్దేవారు. పెద్దపిల్లలు చిన్నపిల్లలకు పాఠం చెప్పేవారు. మద్రాసులో ఈ పద్ధతి చూసిన ఆండ్రూ బెల్ దాన్ని ఇంగ్లండుకు మోసుకెళ్ళి 1797లో పుస్తకం రాస్తే, అక్కడ అది ‘మద్రాసు విధానం’ పేరుతో చలామణీ అయింది.

ఆ వీధిబడి రోజులో ‘బడి అయ్యాక’ అన్న వేళ విడిగా లేదు. బడి జరిగే అరుగు ఊరి మధ్యనే ఉంది, పంతులూ ఊరివాడే. తిండికి ఇంటికి పోయిన పిల్లలు మళ్ళీ అరుగెక్కేవారు. ఇక బడి మొహం చూడని పిల్లల సంఖ్యే ఎక్కువ. వాళ్ళకు పశువులు, మగ్గం, పొలం. వాళ్ళ రోజులోనూ తమదంటూ చెప్పుకోదగిన సాయంత్రం లేదు.

1854లో చదువుల విషయమై వచ్చిన వుడ్ తాఖీదుతో సర్కారు గ్రాంటు బడులు పెరిగాయి. వాటితోపాటు హాజరుపట్టీ, ఇన్‌స్పెక్టరు, గంట వచ్చాయి. పదింటికి మొదలై నాలుగింటికి వదిలే బడి మనకు రానురాను అలవాటైంది. గంట కొట్టి వదిలే బడి వచ్చాకే, ఆ గంట తర్వాత పిల్లవాడేం చెయ్యాలన్న ప్రశ్న పుట్టింది. మగపిల్లలకైతే వీధి ఉంది, గోలీలు, బిళ్ళంగోడు ఉన్నాయి. కాస్త కలిగిన ఇళ్ళవాళ్ళకు ట్యూషను మాస్టారి అరుగు ఉంది. ఆడపిల్లకు మాత్రం బడి వదిలితే బావి, అంట్లు, చంకలో చంటిపిల్ల. మా అమ్మ నాలుగో తరగతితో చదువు ఆపిన మనిషి. బడి నుంచి వచ్చాక ఆడుకున్నట్టు గుర్తుందా అని ఒకసారి అడిగితే, “తమ్ముణ్ణి ఎత్తుకుని తొక్కుడుబిళ్ళ ఆడేదాన్ని” అంది.

ఆ సాయంత్రాన్ని పిల్లలకోసం పట్టుబట్టి సంపాదించిన తెలుగువాళ్ళలో ముందుగా చెప్పుకోవలసింది న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతుల గురించి. 1938 జూన్‌లో మద్రాసు రేడియో కేంద్రం మొదలైంది. కొద్దికాలానికే తెలుగు పిల్లల కార్యక్రమం వీళ్ళ చేతికి వచ్చింది. రాఘవరావు రేడియో అన్నయ్య, కామేశ్వరి రేడియో అక్కయ్య. పెద్దవాళ్ళు మాట్లాడితే పిల్లలు వినడం వాళ్ళ పద్ధతి కాదు. పాడేది పిల్లలే, నాటకం వేసేది పిల్లలే, అల్లరి చేసేదీ పిల్లలే. మైకు ముందు నిలబడి తడబడిన పిల్లకు అక్కయ్య ఓర్పుగా మాట అందించేది.

రేడియోలో దొరికే కాసేపు చాలదని 1940లో మద్రాసులో ఆంధ్ర బాలానంద సంఘం పెట్టారు. 1945లో ‘బాల’ పత్రిక తెచ్చారు. కాగితానికి కరువున్న ఆ యుద్ధకాలంలో పిల్లలకోసం ఒక పత్రిక పెట్టడం మాటలు కాదు. ముళ్ళపూడి వెంకటరమణ తొలి కథా, బాపు తొలి బొమ్మా అచ్చయింది అందులోనే. వాళ్ళప్పటికి బడికెళ్ళే పిల్లలు. తర్వాత వాళ్ళు ఎంతవాళ్ళయ్యారో అందరికీ తెలుసు. ఆ వయసులో వాళ్ళ రాతను, గీతను శ్రద్ధగా చూసి, బాగుందని అచ్చువేసిన మనిషి ఒకరున్నారన్నది నాకు అంతకన్నా పెద్ద సంగతి. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన 1956లో దంపతులిద్దరూ హైదరాబాదు వచ్చేశారు. నారాయణగూడలో సంఘం నిలదొక్కుకుంది. కామేశ్వరి 1980లో, రాఘవరావు 1984లో కన్నుమూశారు.

సరిగ్గా ఆ 1956లోనే ఢిల్లీలో నెహ్రూ చొరవతో జాతీయ బాలభవన్ మొదలైంది. పరీక్షలు లేవు, మార్కులు లేవు. బడి అయ్యాక వచ్చి పిల్లలు తమకు నచ్చింది నేర్చుకోవచ్చు. పదేళ్ళకు, 1966లో, హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్‌లో జవహర్ బాలభవన్ వచ్చింది. సంగీతం, తబలా, నాట్యం, చిత్రలేఖనం, మట్టిబొమ్మలు, కుట్టుపని, సైన్సు ప్రయోగాలు. జిల్లాల్లోనూ ఆ దారిలో కేంద్రాలు వెలిశాయి. ఇంట్లో వీణ కొనే స్తోమత లేని గుమాస్తా కూతురు నామమాత్రపు రుసుముతో వీణ ముట్టుకోగలిగింది. అన్నయ్య, అక్కయ్య తమ పట్టుదలతో నడిపిన పనిని సర్కారు తన బాధ్యతగా ఒప్పుకోవడం అదే. ఆ చరిత్రలో నేను చేరింది ఇక్కడే.

మా పని బయటికి ఆటలా కనిపిస్తుంది. సాయంత్రం ఐదింటికి పిల్ల చేతిలో మట్టిముద్ద పడాలంటే ఆ మట్టి చెరువు నుంచి రావాలి. ఎండాలి. దాన్ని దంచి, జల్లెడ పట్టి, తొట్టిలో నానబెట్టాలి. తేరుకున్న నీళ్ళు వంచేసి, కాళ్ళతో తొక్కి, తడి గోనెపట్టా కప్పి ఉంచాలి. లోపల గాలి మిగిలిపోతే బొమ్మ బట్టీలో పగులుతుంది. అప్పుడు ఏడ్చేది పిల్ల, ఓదార్చేది నేను. మొదటిరోజు దాదాపు అందరూ చేసేది పాము. రెండోరోజు ఆ పామును చుట్టచుట్టి కుండ చేయడం చూపిస్తే, మూడోరోజు నుంచి పిలవకుండానే వచ్చేవారు. తర్వాత ఎడ్లు, బండి, పొయ్యి, అమ్మ మొహం. చవితి దగ్గరపడితే ఊరంతా మా వరండాలోనే ఉండేది.

ఇవి లెక్కలోకి వచ్చే పనులు. ఏ రిజిస్టరులోనూ ఎక్కని పనులు ఇంకా ఎన్నో ఉన్నాయి. ఆటో తోలే తండ్రికి ట్రిప్పు దొరికితే ఏడైనా రాడు. అప్పటిదాకా ఆ పిల్లవాడి పక్కన మా ఆయా కూర్చునేది. ఏ పిల్ల మధ్యాహ్నం తినలేదో ఆమెకు మొహం చూస్తే తెలిసేది. తబలా మాస్టారు జేబులో బిస్కెట్ పొట్లం లేకుండా వచ్చిన రోజు నాకు గుర్తులేదు. పిల్లను తీసుకెళ్ళడానికి కొత్త మొహం వస్తే, వాచ్‌మన్ “నువ్వెవరయ్యా? ఈమెకేమవుతావు?” అని నిలేసి, పిల్ల ఔనంటే గానీ గేటు తీసేవాడు కాదు. వేసవి వస్తే బడి టీచర్లకు సెలవులు. మాకు మాత్రం సమ్మర్ క్యాంపు, మామూలు రోజులకు రెట్టింపు మంది పిల్లలు, ఫ్యాను తిరగని గది.

ఇలాంటి సాయంత్రపు కొలువుల్లో చాలామటుకు పార్ట్‌టైమే. ఇచ్చేదాన్ని గౌరవ వేతనం అంటారు. అది బడ్జెట్ విడుదలైనప్పుడు వస్తుంది. మాస్టారు రిటైరైతే ఆయన పోస్టు ఆయనతోనే పోతుంది. వీణ అటకెక్కుతుంది. పిల్లలు రావడం లేదు కాబట్టి మాస్టారు అక్కర్లేదని ఫైలు మీద రాస్తారు. మాస్టారు లేకనే పిల్లలు రాలేదని రాసే గడి ఆ ఫైల్లో ఉండదు.

ఇక రెండో రకం సాయంత్రం గురించి. 1979-80లో కేంద్ర ప్రభుత్వం అనియత విద్య పథకం తెచ్చింది. పగలు పనికి పోయే పిల్లలకు రాత్రిపూట రెండు గంటలు చదువు. మా తమ్ముడు ఊళ్ళో ఒక కేంద్రం నడిపాడు. చేతిలో లాంతరు, పలకలు, ఒక చాప. గొర్రెలు కాసి వచ్చిన పిల్లలు ‘ఇ’ దగ్గరే నిద్రలోకి జారుకునేవారు. లేపడానికి మనసొప్పక వాడు ఊరుకునేవాడు. కిరసనాయిలు అయిపోతే ఆ రోజుకు బడి కూడా అయిపోయేది.

ఆ పద్ధతిని తెలుగునేల మీద నుంచే గట్టిగా ప్రశ్నించినవారు శాంతా సిన్హా. ఎం.వెంకటరంగయ్య ఫౌండేషన్ తరఫున రంగారెడ్డి జిల్లా ఊళ్ళలో 1990ల నుంచి చేసిన పనిలో ఆవిడ వాదన సూటిగా ఉండేది. రాత్రిబడి పెట్టడమంటే పిల్లవాడి పగటి కూలిని ఒప్పుకోవడమే. బడిలో లేని ప్రతి బిడ్డా పనిలో ఉన్నట్టే లెక్క. కాబట్టి పగటి బడికే పంపాలి. ఈ కృషికి 2003లో ఆవిడకు మెగసెసే పురస్కారం వచ్చింది. తర్వాత, బడిని పిల్లల హక్కుగా చేస్తూ, 2010 ఏప్రిల్ 1 నుంచి విద్యాహక్కు చట్టం అమల్లోకి వచ్చింది.

ఆ వాదనతో నాకు పేచీ లేదు. సాయంత్రం ఎంత బాగున్నా పగటి బడికి బదులు కాదు. అయితే గొర్రెలకాపరి కొడుకు పగటి బడికి వచ్చాక ఇంకో ప్రశ్న మిగిలింది. నాలుగింటికి వాడు వెళ్ళే ఇంట్లో లెక్క చెప్పేవాళ్ళు లేరు, కొన్నిచోట్ల మనుషులే లేరు. వాడి తోటివాడికి ట్యూషనుంది, కరాటే ఉంది, చదువుకున్న తల్లి ఉంది. పగటి బడి ఇద్దరికీ ఒకటే. వాళ్ళ మధ్య దూరం పెరిగేది సాయంత్రాల్లో. సంక్షేమ హాస్టళ్ళలో సాయంత్రం పూట చదివించే ట్యూటర్ల పని విలువ అక్కడే తెలుస్తుంది.

డబ్బున్న పిల్లలకు సాయంత్రం దొరికిందా అంటే అదీ లేదు. మా కేంద్రంలో పెద్దపిల్లలు ఒక్కొక్కరే తగ్గడం నా కళ్ళ ముందే జరిగింది. “టీచర్, రేపట్నుంచి స్టడీ అవర్స్ ఉన్నాయి, రాను” అని చెప్పడానికి మాత్రం వచ్చేవారు. చేతికి మట్టి అంటుకుంటుందని దూరంగా నిలబడి చెప్పేవారు.

అమెరికాలో మా అమ్మాయి ఇంటికి వెళ్ళినప్పుడు ఈ కథ ఇంకో రూపంలో కనిపించింది. అమ్మాయి, అల్లుడు ఇద్దరూ ఉద్యోగస్థులు. మనవరాలి బడి మూడింటికే అయిపోతుంది. ఆరింటిదాకా అదే భవనంలో వేరే సిబ్బంది చూసుకుంటారు, హోంవర్కు చేయిస్తారు, ఆడిస్తారు. అక్కడా ఇది సర్కారుతో మొదలు కాలేదు. 1860లో హార్ట్‌ఫర్డ్ పట్నంలో వీధుల్లో తిరిగే మగపిల్లల కోసం ముగ్గురు స్త్రీలు ఒక క్లబ్బు తెరిచారు. 1889లో షికాగోలో జేన్ ఆడమ్స్, ఎలెన్ గేట్స్ స్టార్ వలస కార్మికుల పేటలో హల్ హౌస్ పెట్టారు. అక్కడి కేంద్రప్రభుత్వం ఇందుకోసం ప్రత్యేక నిధులను చట్టంలో చేర్చింది 1994లో. ఏప్రిల్ చివర్లో ఒక వారం ఈ సిబ్బందికి కృతజ్ఞతలు చెప్పే ఆనవాయితీ ఉంది. మా మనవరాలు రంగుకాగితం మీద పువ్వు గీసి తీసుకెళ్ళింది. జీతాల దగ్గరికొస్తే వాళ్ళలోనూ గంటల లెక్కన పనిచేసేవాళ్ళే ఎక్కువని, మనవరాలిని చూసుకునే ఆమె మాటల్లో చెప్పింది.

మనకు సెప్టెంబరు 5న గురుపూజోత్సవం ఉంది. నవంబరు 14న పిల్లల పండుగ ఉంది. మొదటిదానికి పిలవడానికి మేం బడి టీచర్లం కాదు. రెండోదాని నాడు వేదిక వెనక పాపల జడలకు పూలు చుడుతూ ఉంటాం. అందుకని కొత్త పండుగ ఏదో పెట్టమని అడగను. బహుమతి అందుకున్న పిల్ల సర్టిఫికెట్ మీద, ఆమె పేరు కింద, నేర్పిన మనిషి పేరు కూడా ఒక వరసలో వేయండి. ఖాళీ అయిన తబలా పోస్టు మరుసటి బ్యాచ్ వచ్చేలోగా నింపండి. ఆయాకూ వాచ్‌మన్‌కూ నెల జీతం నెలకే ఇవ్వండి. సన్మానం చేసి శాలువా కప్పుతామంటారా, మాకు పని జోరుగా సాగేది ఎండాకాలంలో. ఆ డబ్బుతో గదిలో ఫ్యాను బాగుచేయించండి.