నాపబండ మీది గడ్డి

మా మల్యాల వైపు గుట్టలన్నీ గుండ్లే. కొండగట్టు ఎక్కుతుంటే ఎవరో పేర్చిపెట్టినట్టు గ్రానైటు గుండ్లు కనబడతాయి గానీ ఆ రాయిలో పొర ఉండదు. పొరలున్న రాయిని మేం చూసింది వంటింటి గట్టు మీదే. అక్కడ పరిచిన కడప బండ అంచును దగ్గరగా చూస్తే కాగితాల కట్టకున్నట్టు సన్నని గీతలు.

ఆ బండ పుట్టిల్లు కడప, కర్నూలు, నంద్యాల జిల్లాలు. కోట్లాది ఏళ్ల కిందట అక్కడ సముద్రం ఉండేది. దాని అడుగున సున్నపు బురద పొర మీద పొరగా పేరుకుని గట్టిపడి నాపరాయి అయింది. 1872లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ ఈ రాళ్ల మీద పెద్ద గ్రంథమే వెలువరించాడు. ఆయనా, తర్వాత వచ్చినవాళ్లూ పొరలకు ఊళ్ల పేర్లు పెట్టారు: బనగానపల్లె, పాణ్యం, కోయిలకుంట్ల, నంద్యాల. ఈ సున్నపురాతిలోనే ఏర్పడిన బెలుం గుహల సంగతి 1884లో మరో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ నమోదు చేశాడు. 1982-83లో డేనియల్ గెబావర్ నాయకత్వాన జర్మన్ బృందం వాటిని శోధించింది. కొలిచిన పొడవు 3,229 మీటర్లు. 2002 నుంచి జనం టికెట్టు కొని చూసి వస్తున్నారు.

రాయికి ఇంత చరిత్ర రాశారు. దాని మీద మొలిచిన గడ్డికి మాత్రం రెవెన్యూ రికార్డుల్లో దక్కిన పేరు బంజరు. మా దగ్గర గైరాను, బంచరాయి అంటారు. ఆ మాటల్లో కనీసం పశువుల మేతైనా గుర్తుంది. బంజరు అంటే ఎందుకూ పనికిరానిదనే. మన్ను పలుచగా ఉన్న చోట చెట్టు నిలవదు, గడ్డి నిలుస్తుంది. గడ్డి ఉంటేనే గొర్రె, తోడేలు, కృష్ణజింక, బట్టమేక పిట్ట.

మీటరు ఎత్తుండే బట్టమేకలో మగది 15 కిలోల దాకా తూగుతుంది. గూడు కట్టదు. మామూలుగా ఏడాదికి ఒకే గుడ్డు, అదీ ఉత్త నేల మీద. నందికొట్కూరు దగ్గరి రోళ్లపాడులో ఈ పిట్టలున్నాయని 1980 ప్రాంతంలో బయటి లోకానికి తెలిసింది. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకులు వచ్చి ఏళ్ల తరబడి అక్కడే ఉండి చూశారు. 1988లో 614 హెక్టార్లను అభయారణ్యం చేశారు. నేలనెమలి కూడా అక్కడికి వానాకాలంలో వచ్చేది. మోకాటెత్తు గడ్డిలోంచి కోడంత పిట్ట నిట్టనిలువుగా ఎగిరి, రెక్కలు టపటపా కొట్టి, లేచిన చోటికే దిగుతుంది. జత కోసం రోజుకు కొన్ని వందల సార్లు.

ఆ 614 హెక్టార్లు బట్టమేకకు ఏ మూలకు? అది చుట్టుపక్కల జొన్న, కొర్ర చేలల్లోనూ తిరిగి బతికే పిట్ట. అలగనూరు జలాశయం, కాలువలు వచ్చాక ఆ చేలు మారిపోయాయి. రైతును తప్పు పట్టలేను. నీళ్లొచ్చాక మెట్ట పంటే వెయ్యమని ఎవరు చెప్పగలరు? నాకు కష్టం కలిగించేది ఇంకొకటి. కందకం తవ్వి, కట్ట పోసి గొర్రెలకాపరుల్ని బయట ఉంచాం. లోపల కృష్ణజింకలు పెరిగి చేలల్లో పడ్డాయి. మేత పోయి, పంటా పోతే ఊరివాళ్లకు ఆ పిట్ట మీద ప్రేమ ఎలా పుడుతుంది? వంతులవారీగా మేపుకోనిచ్చి, కాపరినే కాపలాదారుగా పెట్టుకోవాల్సింది. ఇటీవలి ఏళ్లలో రోళ్లపాడులో బట్టమేక కనబడటమే గగనమైంది. దేశం మొత్తం మీద మిగిలినవి 150 లోపే, అవీ ఎక్కువగా రాజస్థాన్‌లో.

అక్కడి అడంగల్‌లోనూ మా పహాణీలోనూ ‘గడ్డి నేల’ అని ఒక మాట చేరాలి. బంజరు అని రాసి ఉన్నంతకాలం అడిగినవాళ్లకు ముందుగా ఇచ్చేది ఆ నేలనే. అదే కర్నూలు సీమలో గని, శకునాల దగ్గర 1000 మెగావాట్ల సోలార్ పార్కు 2017కల్లా నడవసాగింది. సౌరవిద్యుత్తు మనకు కావాలి, కాదనను. కానీ కరెంటు వెంట తీగలు వస్తాయి. రాజస్థాన్, గుజరాత్‌లలో బట్టమేకలు తిరిగే చోట ఆ తీగల్ని భూమిలోంచి వేయమని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. 2024లో ఆ ఆదేశాన్ని సడలించి నిపుణుల సంఘాన్ని వేసింది. బట్టమేక కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి. ఎదుటి తీగ దగ్గరికొచ్చేదాకా దానికి ఆనదు. ఆనేసరికి అంత బరువున్న పిట్ట చటుక్కున పక్కకు తిరగలేదు.