అడవికి పద్దు, చెరువుకు మాన్యం

ఏడున్నర అనగానే మనవాళ్ళకు ఏలినాటి శని గుర్తొస్తుంది. ఈ మధ్య నన్ను పట్టుకున్న ఏడున్నర వేరు. కేంద్రం వసూలు చేసే పన్నుల్లో ఏ రాష్ట్రానికి ఎంత ఇవ్వాలో తేల్చడానికి 14వ ఆర్థిక సంఘం ఒక సూత్రం వేసింది. తలసరి ఆదాయంలో వెనుకబాటుకు 50 మార్కులు, 1971 జనాభాకు 17.5, వైశాల్యానికి 15, 2011 జనాభాకు 10. మిగిలిన ఏడున్నర అడవికి! ఆ లెక్క ప్రకారం దట్టమైన అడవి ఎంత ఎక్కువుంటే ఆ రాష్ట్రానికి పన్నుల్లో వాటా అంత పెరిగింది. 2015 ఫిబ్రవరిలో పార్లమెంటు ముందుకొచ్చిన ఈ లెక్కను వేసింది అటవీ శాఖ కాదు, పర్యావరణ మంత్రీ కాదు, జమాఖర్చులు చూసే పెద్దమనుషులు. ఆ సంఘానికి అధ్యక్షుడు రిజర్వు బ్యాంకు మాజీ గవర్నరు వై.వి. రెడ్డి. ఆయనది కడప జిల్లా.

కడప అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. ఎందుకంటే ఖజానా లెక్కల్లోకి ప్రకృతిని లాగే పని ఆ జిల్లాలో కొత్తది కాదు. దానికి రాతి మీద సాక్ష్యం ఉంది. అక్కడికి వెళ్ళేముందు రెండు మూడు పక్కదారులు తొక్కాలి.

పర్యావరణాన్ని ఒక శాఖకు అప్పగించి చేతులు దులుపుకోకుండా వ్యవసాయం, పన్నులు, రోడ్లు, విద్యుత్తు చూసే శాఖలన్నీ తమ పనిలో భాగంగానే దాన్ని పట్టించుకోవాలని 1987లో బ్రుంట్‌లాండ్ కమిషన్ గట్టిగా చెప్పింది. యూరప్ దేశాలు ఆ మాటను ఆమ్‌స్టర్‌డామ్ ఒప్పందంలో రాసుకున్నాయి. 1998లో కార్డిఫ్‌లో దేశాధినేతలు కూర్చుని, మంత్రుల మండళ్ళన్నీ ఎవరి వ్యూహం వాళ్ళు రాసి తేవాలన్నారు. తెచ్చారు కూడా. కాగితాలు బోలెడు పోగయ్యాయి. పరిశోధకులకు అది పండగే కావచ్చు, నాకు మాత్రం ఆ అధ్యాయం మీద అట్టే ఆసక్తి లేదు. శాఖల చేత వ్యూహం రాయించడం తేలిక, డబ్బు దారి మళ్ళించడమే కష్టం.

ఆ కష్టమైన పని బ్రెజిల్‌లో పరానా రాష్ట్రం 1991లో చేసింది. అక్కడ రాష్ట్రం వసూలు చేసే అమ్మకపు పన్నులో నాలుగో వంతు పురపాలికలకు వెళ్తుంది. కురిచీబా నగరానికి తాగునీరిచ్చే పిరాక్వారా అనే పురపాలికలో 90 శాతానికి పైగా నేల రక్షిత ప్రాంతమే. ఫ్యాక్టరీ పెట్టడానికి వీల్లేదు కాబట్టి పన్ను రాదు, పన్ను రాలేదు కాబట్టి వాటా రాదు. నగరం నీళ్ళు తాగుతుంది, నీళ్ళు కాపాడే ఊరు పస్తులుంటుంది. పరానా శాసనసభ ఆ పురపాలికల వాటాలో 5 శాతం తీసి, సగం నీటి పరీవాహక ప్రాంతాలకు, సగం రక్షిత అడవులకు కేటాయించింది. పైగా, అడవిని కాగితం మీద గీసుకుంటే చాలదు, ఏటా మనిషి వచ్చి చూసి దాని బాగోగులకు మార్కులు వేస్తాడు. ఈ చివరి ముక్క గుర్తుంచుకోండి.

మన దగ్గర ఈ ఆలోచన ఎంత పాతదంటే, కౌటిల్యుడి అర్థశాస్త్రంలోనే ఉంది. కొత్తగా చెరువో కాలువో కట్టించినవాడికి 5 ఏళ్ళు పన్ను మినహాయింపు. పాడుబడ్డదాన్ని నిలబెట్టినవాడికి 4 ఏళ్ళు. తుప్పలు పట్టినదాన్ని శుభ్రం చేయించినవాడికి 3. కట్టి, ఆపదేమీ లేకుండానే 5 ఏళ్ళు వాడకుండా వదిలేస్తే హక్కు పోతుంది. రాసినాయన ఎంత గట్టి లెక్కలమనిషో చూడండి. పుణ్యం ఊసే ఎత్తలేదు.

పుణ్యం ఊసు, ఆత్మస్తుతి కావాలంటే క్రీ.శ. 150 నాటి జునాగఢ్ శాసనం చదవాలి. మౌర్యుల కాలంలో కట్టిన సుదర్శన తటాకం గాలివానకు తెగిపోయింది. ఇంత పెద్ద గండి పూడ్చలేమని మంత్రులు చేతులెత్తేశారు. మహాక్షత్రపుడు రుద్రదాముడు ఒప్పుకోలేదు. సువిశాఖుడనే అధికారిని పెట్టి, జనం మీద కొత్త పన్ను వేయకుండా, వెట్టి చేయించకుండా, సొంత ఖజానా నుంచి ఖర్చుపెట్టి మూడింతలు గట్టిగా కట్టించానని రాయించుకున్నాడు. రాజు తన ఖర్చు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పుకున్న ఆ పద్ధతి నాకు నచ్చుతుంది. ఇప్పటి శిలాఫలకాల మీద ఆ ఒక్క వాక్యం ఎప్పుడూ కనిపించదు.

అక్కడి నుంచి వెయ్యేళ్ళు ఒక్క గంతులో దాటుతున్నాను. దారిలో రేచర్ల రుద్రుడు 1213లో పాలంపేటలో గుడి కట్టిస్తాడు. రామప్ప చెరువు, పాకాల, లక్నవరం పుట్టుకొస్తాయి. కాకతీయుల చెరువుల గురించి మనవాళ్ళు చాలా రాశారు. నా మనసంతా రాయలసీమ దశబంధం మీదుంది.

దశబంధం ఎలా నడిచేదంటే: ఊళ్ళో చేతిలో నాలుగు డబ్బులున్నవాడు, రెడ్డో, వర్తకుడో, బ్రాహ్మణుడో, చెరువు కట్టించడానికి ముందుకొస్తాడు. రాజుగారు అతనికి రొక్కం ఇవ్వరు. ఆ చెరువు కిందే పారే భూమిలో కొంత మాన్యంగా ఇస్తారు, దాని మీద పన్ను ఉండదు, లేదా నామమాత్రం. పేరులో పదో వంతు ఉన్నా ఒప్పందాన్ని బట్టి ఎక్కువ తక్కువలుండేవి. తర్వాతి కాలపు రెవెన్యూ దస్త్రాల్లో ఇది రెండు రకాలుగా కనిపిస్తుంది. ఫలానా పొలం అని హద్దులు చూపి ఇస్తే ఖండం. హద్దులు చూపకుండా ఆయకట్టు మొత్తం ఆదాయంలో ఇంత వంతని ఇస్తే షామిలాత్. షరతు ఒక్కటే: కట్టినవాడు, వాడి తర్వాత వాడి వారసులు, ఆ చెరువును బాగుగా ఉంచాలి. కట్ట తెగితే పూడ్చాలి, పూడిక తీయాలి, తూము సరిచూడాలి.

ఇందులో తెలివంతా మాన్యం ఎక్కడిచ్చారన్నదానిలో ఉంది. పక్క ఊళ్ళోనో, నది ఒడ్డునో ఇవ్వలేదు. అదే చెరువు కింద ఇచ్చారు. చెరువు ఎండితే ఊరివాళ్ళ మాగాణితో పాటు మాన్యందారు మాగాణీ ఎండుతుంది. కట్ట మీద ఎలుకబొరియ పడిందంటే అందరికంటే ముందు అతనికే నిద్రపట్టదు. తనిఖీ అధికారి అక్కర్లేదు, నివేదిక అక్కర్లేదు. ఖజానా తనకు రాబోయే ఆదాయంలోంచే ఒక వంతు వదులుకుంటుంది. ఆ చెరువు లేకపోతే ఆ ఆదాయమే లేదు కాబట్టి నిజానికి పోగొట్టుకున్నదేమీ లేదు. ఇంతకంటే చవకైన, ఇంతకంటే గట్టి పర్యావరణ విధానం నాకు ఇంకెక్కడా తగల్లేదు.

ఇక ఆ రాతి సాక్ష్యం. కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువుకట్ట మీద, భైరవుడి గుడి ముందు రెండు శాసన ఫలకాలున్నాయి. శక 1291, అంటే క్రీ.శ. 1369. బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు ఉదయగిరి నుంచి ఏలుతూ ఈ చెరువు కట్టించి అనంతరాజ సాగరమని పేరు పెట్టాడు. దీన్ని ఎపిగ్రాఫియా ఇండికాలో ప్రచురించింది వి.ఎస్. సుక్తంకర్. తర్వాత పుణెలో మహాభారత సంశోధిత ప్రతికి సంపాదకుడైన పండితుడు ఆయనే. రోజుకు వెయ్యి మంది కూలీలు, కట్టకూ తూములకూ రాళ్ళు తోలే వంద బండ్లు, రెండేళ్ళ పని అని ఆ శాసనం చెబుతుంది. చెరువు కట్టేవాళ్ళు వెళ్ళి చూడాల్సిన కట్ట అది. నాలుగు సహజమైన గుట్టల్ని మూడు చిన్న కట్టలతో కలిపేశారు. మొత్తం పొడవు సుమారు 14,000 అడుగులైతే అందులో మనిషి వేసిన కట్ట సుమారు 4,500 అడుగులే. మిగతా పని గుట్టలు చేశాయి.

అసలు వింత ఆ తర్వాతి శ్లోకాల్లో ఉంది. శాసనం రాసిన కవి మంచి చెరువుకు 12 అంగాలు చెబుతాడు, వాటిలో ముఖ్యమైనవి: ధర్మం తెలిసిన, డబ్బున్న, కీర్తి మీద ఆశున్న రాజు. జలశాస్త్రం తెలిసిన బ్రాహ్మణుడు. గట్టి బంకమన్ను నేల. మూడు యోజనాల దూరం నుంచి తియ్యటి నీరు తెచ్చే నది. కట్టకు ఆనుకునే కొండ. మరీ పొడవు కాని, దిట్టమైన రాతికట్ట. లోతూ వెడల్పూ ఉన్న గర్భం. పొడవాటి రాళ్ళు దొరికే గని. పక్కనే చదునైన సారవంతమైన పొలం. చివరగా, పనిలో ఆరితేరిన కూలిజనం. రాజు మొదలు కూలీ దాకా ఒకే జాబితాలో నిలబెట్టిన ధైర్యానికి దండం పెట్టాలి.

ఆ వెంటనే ఆరు దోషాలు. కట్ట నుంచి నీరు ఊరడం, చవుడు నేల, చెరువు గర్భం మధ్యలో మిట్ట ఉండటం, నీరు తక్కువై పారాల్సిన భూమి ఎక్కువ కావడం, భూమి తక్కువై నీరు ఎక్కువ కావడం. ఇవన్నీ ఏ ఇంజనీరైనా ఒప్పుకునేవే. మిగిలిన ఒక్కటి మాత్రం: రెండు రాజ్యాల పొలిమేరలో చెరువు ఉండటం. ఇది చదివాక 2023 నవంబరు చివర్లో నాగార్జున సాగర్ డ్యామ్ మీద ఏం జరిగిందో గుర్తుతెచ్చుకోకుండా ఉండలేం. ఆంధ్ర పోలీసులు వచ్చి 26 గేట్లలో 13 తమవన్నారు, తెలంగాణ పోలీసులు అడ్డుకున్నారు, చివరికి కేంద్ర బలగాలు దిగాయి. పాపం సాగర్ కట్టడం పూర్తయ్యేనాటికి పొలిమేర లేదు. తర్వాత మళ్ళీ వచ్చింది. భవదూరుడి ఆస్థానంలో ఆ శ్లోకం రాసినవాడు ఎన్ని పంచాయతీలు చూసి ఉంటాడో!

ఆ తర్వాత, కొంచెం దక్షిణాన, తిరుమలలో దశబంధానికి ఇంకో బంధువు కనిపిస్తాడు. విజయనగర కాలపు తిరుమల శాసనాల్లో, స్వామికి ఫలానా నైవేద్యం నిత్యం జరగాలని దాతలు డబ్బిస్తారు. దేవస్థానం ఆ డబ్బును పెట్టెలో దాచదు, అలాగని ఒక్కరోజులో పులిహోర చేసి పంచేయదు. గుడికి చెందిన ఊళ్ళలో చెరువులు తవ్వడానికి, కాలువలు తీయడానికి ఖర్చు చేస్తుంది. నీరు పారి అదనంగా పండిన ధాన్యంతో నైవేద్యం నడుస్తుంది. ప్రసాదంలో నాలుగో వంతు దాతది. చరిత్రకారుడు బర్టన్ స్టైన్ దీన్ని వివరంగా రాశాడు. భక్తి శాఖ, నీటిపారుదల శాఖ ఒకే పద్దులో! ఇప్పుడు హుండీ డబ్బుతో ఊరి చెరువు పూడిక తీస్తామంటే ముందు ఎన్ని కోర్టులు ఎక్కాలో.

దశబంధం కథకు తిరిగొస్తే, 1800లో నిజాం, కడప కూడా ఉన్న దత్త మండలాలను ఈస్టిండియా కంపెనీకి ధారాదత్తం చేశాడు. థామస్ మన్రో కలెక్టరుగా వచ్చాడు. చెరువుకు అనువైన చోటల్లా జనం అప్పటికే కట్టేసుకున్నారని, కొత్తవి కట్టబోవడం ఆశలేని పనని ఆయనే అన్నాడు. 1850ల నాటి లెక్కలో మద్రాసు ప్రెసిడెన్సీ 14 జిల్లాల్లో 53 వేల చెరువులు తేలాయి, వాటి కట్టలు కొలిస్తే 30 వేల మైళ్ళు. అందులో 10 వేలు అప్పటికే పాడుబడ్డాయి. కంపెనీ దశబంధాన్ని ఒక్కవేటుతో కొట్టేయలేదు. దస్త్రాల్లో ఉంచింది, ఇనాం కమిషన్ పెట్టి పట్టాలు తిరగేసింది. కానీ చూపు మారింది. రాజుకు అది చెరువు ఖర్చు, కంపెనీకి అది ఖజానాకు పడ్డ చిల్లు. పైగా శిస్తు వసూలు రెవెన్యూ వాళ్ళకు, పెద్ద చెరువుల మరమ్మత్తు పబ్లిక్ వర్క్స్ వాళ్ళకు పంచారు. పాలు పిండుకునేది ఒక శాఖ, మేత వేయాల్సింది ఇంకో శాఖ. 1858లో, కట్ట తెగే ఆపద వస్తే రైతుల చేత బలవంతంగా పని చేయించే చట్టం చేయాల్సి వచ్చింది. సొంత మాన్యం కోసం అర్ధరాత్రి గంప, పార పట్టుకుని కట్ట మీదికి పరిగెత్తినవాళ్ళ మునిమనవల్ని చట్టం పెట్టి పిలవాల్సి వచ్చింది. మనం పోగొట్టుకున్నది అదీ. స్వాతంత్ర్యం వచ్చాక ఇనాముల రద్దులో మిగిలిన ఆనవాళ్ళు కూడా కలిసిపోయాయి. ఇనాములు రద్దు కావాల్సిందే, అందులో అన్యాయం చాలా ఉంది. దాంతో పాటు చెరువుకు పూచీపడే మనిషి కూడా రద్దయ్యాడు. ఆ లోటు పూడ్చడానికి 2015లో తెలంగాణ 46 వేలకు పైగా చెరువులతో మిషన్ కాకతీయ మొదలుపెట్టింది. డబ్బు బడ్జెట్ నుంచి వచ్చింది.

అదే ఏడాది ఆ ఏడున్నర. దానికీ చిన్న వంశవృక్షం ఉంది. రంగరాజన్ అధ్యక్షతన 12వ ఆర్థిక సంఘం అడవుల సంరక్షణకు 5 ఏళ్ళకు 1,000 కోట్ల గ్రాంటు ఇమ్మంది. కేల్కర్ అధ్యక్షతన 13వ సంఘం దాన్ని 5,000 కోట్లు చేసి, చివరి మూడేళ్ళ డబ్బుకు షరతు పెట్టింది: అటవీ కార్యప్రణాళికలు ఆమోదం పొందితేనే విడుదల. వై.వి. రెడ్డి సంఘం గ్రాంటు దారి వదిలేసి, నేరుగా పన్నుల వాటా సూత్రంలోకి అడవిని ఎక్కించింది. ఇది పెద్ద మెట్టు. గ్రాంటు దయ, వాటా హక్కు. కాకపోతే ఆ మెట్టు ఎక్కేటప్పుడు షరతు జారిపోయింది. అడవి పేరు మీద వచ్చిన డబ్బును రాష్ట్రం ఫ్లైఓవరుకు పెట్టినా అడిగేవాడు లేడు. దశబంధం మాన్యందారుకు ఉన్న భయం ముఖ్యమంత్రికి లేదు.

ఇంకో చిక్కు కొలతది. ఆ సూత్రంలో అడవి అనిపించుకుని మార్కులు తెచ్చుకోవాలంటే చెట్ల కొమ్మలూ ఆకులూ నేలను కనీసం 40 శాతం కప్పాల్సి ఉండేది. పోరుమామిళ్ళకు దక్షిణంగా, బద్వేలు దాటాక లంకమల కొండల కింద ముళ్ళపొదలు, మధ్యమధ్య బోడి నేల. 1900 తర్వాత ఎవరికీ కనబడక, లేదనుకున్న కలివికోడి 1986లో దొరికింది ఆ పొదల్లోనే. ఆ పిట్ట కోసం తెలుగుగంగ కాలువ దారి మార్చారు. నీటిపారుదల వాళ్ళు ఒక పిట్టను చూసి గీత జరిపారు. వింటే నమ్మబుద్ధి కాదు, కానీ జరిగింది. అయితే కలివికోడి బతికే పొదల నేలకు ఆ పన్నుల సూత్రంలో మార్కులు దక్కలేదు. భవదూరుడి చెరువుకూ దక్కలేదు. కడప మనిషి వేసిన లెక్కలో కడప ప్రత్యేకతలు రెండూ సున్నా.

తర్వాత ఎన్.కె. సింగ్ అధ్యక్షతన 15వ సంఘం మార్కులు పదికి పెంచింది, ఆ ప్రమాణం పేరు కూడా ‘అడవి, జీవావరణం’ అని మార్చింది. లెక్క కట్టింది మాత్రం దట్టమైన అడవి విస్తీర్ణంతోనే. పరానాలోలాగా వచ్చి చూసి మార్కులు వేసే మనిషిని ఎవరూ పంపలేదు.