దీపాల తోరణమునకు, స్పర్శతెరకు వచ్చిన తగవు

1962లో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో పనిచేయుచుండిన నిక్ హొలోన్యాక్, కంటికి కనిపించు ఎర్రని కాంతినిచ్చు డయోడును తయారుచేసెను. మూడేండ్ల తరువాత, 1965లో, ఇంగ్లండులోని మాల్వెర్న్ రాడార్ పరిశోధనాలయమునుండి ఇ. ఎ. జాన్సన్, వ్రేలితో తాకిన పనిచేయు తెరను వర్ణించుచు వ్యాసము ప్రకటించెను. ఆనాడు ఈ రెండింటికి ఏ సంబంధమూ లేదు. అర్ధశతాబ్దము గడచిన పిమ్మట, అరచేతిలో ఇమిడెడి కంప్యూటరుపై అవి కలిసికొన్నవి. కలిసిన వెంటనే తగవు పడినవి.

ఆ కంప్యూటరు 2012లో బ్రిటనులో వెలువడిన రాస్ప్‌బెర్రీ పై. విద్యార్థులకొరకు ఉద్దేశింపబడినది. బయటి పరికరములను తగిలించుటకు దానికి లోహపు మొనలు గలవు. 2014నుండి వచ్చిన నమూనాలలో ఇవి 40. చూచుటకు చాలునన్నట్లే ఉండును గాని, ఒక్కొక్క మొనకు రెండు మూడు ఉద్యోగములు!

చౌక స్పర్శతెరలు పెక్కింటికి మోటరోలా సంస్థ రూపొందించిన ఎస్.పి.ఐ. అను పద్ధతియే ఆధారము. ఇందు సమాచారపు తీగ అందరికిని ఒక్కటే. ఎవరితో మాట్లాడవలెనో తెలుపుటకు ఒక్కొక్క పరికరమునకు వేరుగా ఎంపిక తీగ యుండును. ఉపాధ్యాయుడు పేరు పిలిచిన విద్యార్థియే లేచి జవాబు చెప్పినట్లు.

డబ్ల్యు.ఎస్. 2812 జాతి దీపములకు ఈ మర్యాద తెలియదు. వానికి ఎంపిక తీగ లేదు, కాలము కొలుచు తీగయు లేదు. సమాచారపు తీగ ఒక్కటే. మొదటి దీపము తన 24 బిట్లను ఉంచుకొని, మిగిలినవి ప్రక్కదానికి అందించును. ఒక్కొక్క బిట్టుకు 1.25 మైక్రోసెకండ్లు, అనగా దీపమునకు 30. కనుక తెరయు దీపములును ఒకే సమాచారపు మొనకు తగిలించినచో, తెరపై గీసిన ప్రతి చుక్కను దీపములు తమకు వచ్చిన రంగుగానే తలచును. తోరణమంతయు పిచ్చిగా మెరయును. ప్రోగ్రాములో తప్పు వెదకి ప్రయోజనము లేదు.

సరే, దీపములను 18వ సంఖ్య గల మొనకు మార్చినచో? అచట పి.డబ్ల్యు.ఎం. అను స్పందన యంత్రాంగము గలదు. కాని తొలి నమూనాలలో చెవిగొట్టములకు ధ్వనిని పంపునదియు అదియే. కొన్ని తెరల వెలుగును తగ్గించి హెచ్చించునదియు ఆ 18వ మొనయే. ఇంతకన్న ప్రమాదమొకటి కలదు. దీపములకు సమాచారము నేరుగా స్మృతినుండి డి.ఎం.ఏ. కాలువల ద్వారా పోవును. 2016లో వచ్చిన మూడవ తరపు నమూనాలో 5వ కాలువను దీపములకు వాడినచో, కార్డుపై దాచిన ఫైళ్లే పాడగుచుండెను. దీపాలు వెలుగుట మాట అటుంచి, విద్యార్థి శ్రమయంతయు పోవును.

పరిష్కారములు పలువిధములు. దీపములను 21వ మొనకు మార్చి, ధ్వని సమాచారమునకై ఏర్పడిన పి.సి.ఎం. యంత్రాంగముతో నడుపుట ఒకటి. 2015లో వచ్చిన ఏడంగుళముల స్పర్శతెర ఇంకొక మార్గము చూపెను: చిత్రమును, తాకిడి సమాచారమును ఒక ప్రత్యేకమైన పట్టీ తీగ ద్వారా పోవును, సమాచారపు మొనలు ఖాళీగా మిగులును. అన్నిటికన్న నెమ్మదియైన మార్గము కాపురములు వేరుచేయుటయే. 2021లో వచ్చిన పికో అను చిన్న బోర్డులో ఇట్టి కాలనియమములను పాటించుటకే ప్రత్యేక యంత్రాంగము గలదు. పెద్ద కంప్యూటరు తెరను చూచుకొనుచు, ఏ రంగు కావలెనో మాత్రము దానికి యు.ఎస్.బి. తీగపై తెలుపును, మైక్రోసెకండ్ల లెక్క పికో చూచుకొనును.