సీమ పట్టణాల్లో రెట్రో ఆటలు: క్యాసెట్ కాలం నుంచి నేటి దాకా

పెద్ద పెద్ద చుక్కలతో కట్టిన బొమ్మలు, రెండు మూడు గొంతుల్లో పలికే సంగీతం, పక్కకు జరుగుతూ పోయే తెర. నలభై ఏళ్ల నాటి వీడియో గేమ్‌ల రూపం ఇది. ఇదే రూపంలో ఇవాళ ఒంటరి మనుషులు, చిన్న బృందాలు కొత్త ఆటలు చేసి అమ్ముతున్నారు, వీటినే రెట్రో ఆటలంటారు. కర్నూలు, కడప, నంద్యాల, ప్రొద్దుటూరు వంటి రాయలసీమ ఊళ్లలోనూ వాటిని ఇష్టపడేవాళ్లున్నారు. ఈ ఇష్టాన్ని వివరించేవాళ్లు మామూలుగా రెండు మాటలు చెబుతారు. అమెరికాలో, జపాన్‌లో 1980లలో పెరిగిన పిల్లలు పెద్దవాళ్లై తమ బాల్యాన్ని మళ్లీ తయారు చేసుకున్నారన్నది మొదటి మాట. మన చిన్న పట్టణాలకు వీడియో గేమ్ స్మార్ట్‌ఫోన్‌తోనే వచ్చింది కాబట్టి ఇక్కడి రెట్రో మోజు ఇంటర్నెట్‌లో చూసి నేర్చుకున్నదన్నది రెండో మాట. మొదటిది చాలావరకు నిజం. రెండోది నిలవదు.

అందరికీ తెలిసిన తొలి ఘట్టాల మీద ఎక్కువసేపు ఆగనక్కర్లేదు. 1972లో పాంగ్, 1978లో స్పేస్ ఇన్వేడర్స్ వచ్చాయి. 1983లో అమెరికా గేమ్ మార్కెట్ కుప్పకూలింది, అదే ఏడాది జపాన్‌లో నింటెండో ఫ్యామికామ్ యంత్రాన్ని విడుదల చేసింది. దాని పని మెమరీ 2 కిలోబైట్లు, తెర 256 చుక్కల వెడల్పు, 240 చుక్కల ఎత్తు. 1985లో సూపర్ మారియో మొత్తం 40 కిలోబైట్లలో ఇమిడింది. ఆ ఇరుకులో పుట్టిన కళను 2000ల తర్వాత కొందరు కోరి మరీ ఎంచుకున్నారు. జపాన్‌కు చెందిన దైసుకే అమాయా ఐదేళ్లు ఒక్కడే కష్టపడి 2004లో కేవ్ స్టోరీని ఉచితంగా ఇచ్చాడు. 2014లో షవల్ నైట్, 2015లో అండర్‌టేల్, 2016లో స్టార్‌డ్యూ వ్యాలీ, 2018లో సెలెస్ట్ వచ్చాయి. దుకాణాల అవసరం లేకుండా నెట్‌లోనే ఆట అమ్ముకునే వీలు దొరకడం వీటన్నిటికీ ఊపిరి పోసింది. ఇంతవరకు తగాదా లేదు.

తగాదా మన వైపు నుంచి చూసినప్పుడు మొదలవుతుంది. ఇక్కడ ‘వీడియో గేమ్’ అంటే 1990లలో టీవీకి తగిలించే ఒక ప్లాస్టిక్ పెట్టె, రెండు రిమోట్లు, పసుపుపచ్చ క్యాసెట్లు. నింటెండో పేరున్న ఫ్యామికామ్ యంత్రం మన ఇళ్లలో దాదాపు కనిపించలేదు. లిటిల్ మాస్టర్, మీడియా వంటి పేర్లతో దాని క్లోన్లే, అంటే నకలు యంత్రాలే వచ్చాయి. ఇవి ఎలా వచ్చాయన్న ప్రశ్నకు సిద్ధంగా ఉన్న జవాబు 1991 సరళీకరణ. నాకు ఈ జవాబు చాలా పలచగా కనిపిస్తుంది. 1991లో తెరిచిన తలుపులు ప్రధానంగా పరిశ్రమకు, పెట్టుబడికి. ఇంట్లో వాడుకునే వస్తువుల దిగుమతి మీద ఆంక్షలు ఆ తర్వాత కూడా పదేళ్లు కొనసాగాయి. చివరివి తొలగింది 2001 ఏప్రిల్ 1న. కానీ కాంట్రా, మారియో పేర్లు అంతకు ఎంతో ముందే సీమ పిల్లల నోళ్లలో నానాయి. విధానం మారడం ఒక్కటే కారణమైతే ఈ పదేళ్లకు లెక్క కుదరదు.

నేను ఎక్కువ బరువు ఇచ్చేది మనుషులు నడిచిన దారులకు. అప్పటి కడప జిల్లా నుంచి, ముఖ్యంగా రాయచోటి, రాజంపేట వైపు నుంచి కువైట్‌కు పనికి పోయిన కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. 1990 ఆగస్టులో ఇరాక్ దండెత్తినప్పుడు ప్రాణాలు అరచేత పెట్టుకుని తిరిగొచ్చినవాళ్లే, యుద్ధం ముగిశాక మళ్లీ విమానమెక్కారు. సెలవు మీద వచ్చేవాళ్ల పెట్టెల్లో టేప్ రికార్డర్లు, గడియారాలు, అత్తరు సీసాలతో పాటు పిల్లలకని ఒక వీడియో గేమ్ ఉండేది. అప్పట్లో గల్ఫ్ బజార్లలో క్లోన్ యంత్రాలకు కొదవ లేదు. రెండో దారి రైలుది. కడప ముంబయి–చెన్నై మార్గం మీద ఉంది. విదేశీ ఎలక్ట్రానిక్ సామానుకు పేరుమోసిన చెన్నై బర్మా బజారు రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి అందే దూరం. కర్నూలుకు మాత్రం హైదరాబాద్ దగ్గర, దాని సరుకు కోఠి అంగళ్ల నుంచి బస్సుల మీద వచ్చింది. అందుకే ఈ రెండు జిల్లాలనూ ఒకే గాటన కట్టకూడదు. కడపలో ఈ ఆట మొదట ఇళ్లలోకి వచ్చి, తర్వాత అంగడికెక్కింది. కర్నూలులో అద్దె గేముల అంగళ్లు, వీడియో గేమ్ పార్లర్లు ముందు నిలిచాయని నా అభిప్రాయం.

దీనికి కొన్ని షరతులు చెప్పాలి. కువైట్ పెట్టె ఒక్కటే ఇంత వ్యాప్తిని మోయలేదు. దేశంలోనే పేరు అతికించి అమ్మిన పెట్టెలూ ఉన్నాయి. టీవీ ఉన్న ఇళ్లకే ఇది పరిమితం. వర్షాధారం మీద బతికే పల్లెల్లో టీవీ ఉన్న ఇల్లే అరుదు. పార్లర్లలో ఆడపిల్లలు అడుగు పెట్టడం చాలా తక్కువ, ఇంట్లో యంత్రం ఉంటేనే వాళ్ల చేతికి రిమోట్ అందింది. కాబట్టి ఇది సీమ అంతటి అనుభవమని అనను. పట్టణాల్లో ఒక తరం అనుభవమని మాత్రం గట్టిగా అంటాను.

ఆ అనుభవం అమెరికా పిల్లవాడి అనుభవానికి నకలు కూడా కాదు. మొదటి తేడా వేగంలో ఉంది. అప్పటి జపాన్, అమెరికా టీవీలు సెకనుకు 60 సార్లు తెరను గీసేవి. మనది పాల్ పద్ధతి, 50 సార్లు. పాల్ దేశాల క్లోన్ల కోసం తైవాన్‌కు చెందిన యూఎంసీ తయారు చేసిన చిప్‌లలో ఆట ఆ 50కి తగ్గట్టు నడుస్తుంది. అంటే ఆరింట ఒక వంతు నెమ్మదిస్తుంది. శ్రుతి దాదాపు మారదు, లయ మందగిస్తుంది. క్లోన్లన్నీ ఒకే రకం కాకపోయినా, అలాంటి పెట్టె మీద ఆడినవాడి వేళ్లకు మారియో దూకుడు మరో తూకంలో అలవాటైంది. ఇవాళ్టి రెట్రో ఆటలు 60కి కట్టినవి. చిన్నప్పుడు ఆరితేరిన మనిషి వాటి ముందు మొదట తడబడితే, వయసును నిందించే ముందు ఈ లెక్క చూసుకోవాలి.

రెండో తేడా ఆటల జాబితాలో ఉంది. ఇది నా వాదానికి అన్నిటికంటే గట్టి ఆధారం. అమెరికా రెట్రో తయారీదారుల పూజాగదిలో ఉండేవి జెల్డా, మెట్రాయిడ్, మెగామాన్, క్యాసిల్‌వేనియా. షవల్ నైట్ నిండా వాటి ఛాయలే. మన క్యాసెట్లలో ఊరూరా తిరిగినవి కాంట్రా, మారియోలతో పాటు బ్యాటిల్ సిటీ, సర్కస్ చార్లీ, రోడ్ ఫైటర్. నామ్‌కో 1985లో చేసిన బ్యాటిల్ సిటీ ట్యాంకుల ఆట ఫ్యామికామ్ మీద జపాన్‌కే పరిమితం, అమెరికా దుకాణాల్లోకి ఆ క్యాసెట్ రాలేదు. ఇటుక గోడల మధ్య గద్దను కాపాడుకున్న పిల్లలు కర్నూలులో ఉన్నారు, డెండీ క్లోన్ ఆడిన రష్యాలో ఉన్నారు, పెగాసస్ ఆడిన పోలండ్‌లో ఉన్నారు. మన జ్ఞాపకం అమెరికా నుంచి అరువు తెచ్చుకున్నదే అయితే, అమెరికా ఎరగని ఆట అందులో ఉండడానికి వీల్లేదు.

ఈ జాబితా వెనుక కరెంటు కూడా ఉంది. పాత జెల్డాలో ఎంతవరకు ఆడామో భద్రపరచడానికి క్యాసెట్‌లో చిన్న బ్యాటరీ కావాలి. ‘ఇన్ని గేములు ఒకే దాంట్లో’ అని అమ్మిన చౌక క్యాసెట్లలో దానికి చోటు లేదు. వారాల తరబడి సాగే కథల ఆటలు అలా వెనకబడ్డాయి. కూర్చున్న చోట మొదలుపెట్టి, ఉన్న లైఫులతో వీలైనంత దూరం పోయే ఆటలు మిగిలాయి. ఎండాకాలం కోతల్లో కాంట్రా ఎనిమిది స్టేజీలలో ఏడోదాకా వచ్చాక కరెంటు పోతే, మళ్లీ మొదటి అడవి నుంచే. ఓడిన ప్రతిసారీ మొదటికి రావడాన్ని నేటి స్వతంత్ర ఆటలు కొన్ని ఒక కళాసూత్రంగా ఎంచుకున్నాయి. ఇక్కడి ఆటగాళ్లకు ఆ ఓర్పు ముందే అబ్బింది. అందుకే మొదటి నుంచి మొదలుపెట్టించే ఆటలు ఇక్కడ తేలిగ్గా నాటుకుంటాయి. దారి వెతుకుతూ, పటం గుర్తుపెట్టుకుంటూ వారాలు తిరిగే తరహాను మాత్రం కొత్తగా నేర్చుకోవలసి వచ్చింది. ఆ ఒక్క విషయంలో ‘ఇంటర్నెట్ నేర్పిన రుచి’ అన్న మాటకు కొంత చోటు ఇస్తాను.

మూడో తేడా పార్లర్‌లో ఉంది. కాప్‌కామ్ 1993లో విడుదల చేసిన క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్ పేరు చెబితే ఇక్కడ ఎవరికీ తెలియదు. ‘ముస్తఫా’ అంటే నలభై దాటిన మగవాళ్లలో చాలామంది ముఖం వెలుగుతుంది. నలుగురు వీరుల్లో ఒకడి పేరు మొత్తం ఆట పేరైపోయింది. అమెరికా కామిక్స్ ఆధారంగా తీసిన ఆట కావడంతో హక్కుల చిక్కుల్లో పడి, చాలా ఏళ్లు అధికారికంగా మళ్లీ రాలేదు. అయినా చావలేదు. పాత పార్లర్ ఆటలను కంప్యూటర్ మీద నడిపే మేమ్ ప్రోగ్రామ్ 1997లో వచ్చింది, ఇంటర్నెట్ కేఫ్‌లలో ముస్తఫా మళ్లీ ప్రాణం పోసుకున్నాడు. పక్కపక్కన నిలబడి, ఒకరి లైఫ్‌ను ఒకరు కాపాడుకుంటూ ముందుకు సాగే ఈ కొట్లాట ఆట మన రెట్రో వారసత్వంలో మారియోకు తీసిపోదు. 2020లో స్ట్రీట్స్ ఆఫ్ రేజ్ 4 ఆ తరహాను తిరిగి నిలబెట్టినప్పుడు, ఇక్కడివాళ్లకు అది సొంతింటి ఆటలా తోచడంలో ఆశ్చర్యం లేదు.

క్యాసెట్లు పోయాక ఒక ఖాళీ వచ్చి, దాన్ని ఫోన్ నింపిందని అంటారు. ఆ ఖాళీ అసలు లేదు. పాఠశాలల ల్యాబుల్లో డేంజరస్ డేవ్, ప్రిన్స్ ఆఫ్ పర్షియా ఫ్లాపీల మీద తిరిగాయి. తర్వాత ఇంజనీరింగ్ కాలేజీల హాస్టళ్లు వచ్చాయి. 2008లో ఇడుపులపాయలో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం ప్రాంగణం మొదలై, పల్లె బడుల నుంచి వచ్చిన పిల్లలకు తలా ఒక ల్యాప్‌టాప్ చేతికిచ్చింది. అలాంటి సాదా యంత్రాల మీద పెద్ద ఆటలు నడవవు. 2015లో జీటీఏ 5కు 65 గిగాబైట్ల చోటు కావలసి వచ్చింది. సెకనుకు 512 కిలోబిట్ల కనెక్షన్ మీద అది దిగడానికి పదకొండు రోజులు దాటుతుంది. సుమారు 500 మెగాబైట్ల స్టార్‌డ్యూ వ్యాలీ రెండు గంటల పైచిలుకులో దిగుతుంది, 2 గిగాబైట్ల మెమరీతో నడుస్తుంది. 2015 చివర్లో స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల అంగడి రూపాయల్లో ధరలు పెట్టాక కొని ఆడడం కూడా అందుబాటులోకి వచ్చింది. 2016లో చౌక డేటా వచ్చేనాటికి ఇక్కడ చిన్న ఆటల అలవాటు ఒక తరం నుంచి మరో తరానికి చేతులు మారి ఉంది.

ఇక నేటి స్థితి. ఆడేవాళ్ల సంగతి సంతోషమే, చేసేవాళ్ల సంగతి కాదు. తెలుగు నేల మీద పేరొచ్చిన ప్రయత్నాలు హైదరాబాద్‌కే పరిమితమయ్యాయి. 2009లో అరోనా టెక్నాలజీస్ ప్లేస్టేషన్ 2 కోసం హనుమాన్: బాయ్ వారియర్ చేసింది. గేమ్‌శాస్త్ర సంస్థ దేశీ అడ్డా పేరుతో మన వీధి ఆటలను తెరకెక్కించింది. రెండూ పెద్ద కంపెనీల త్రీడీ రూపాన్ని తక్కువ వనరులతో అందుకోవాలని చూసి బలహీనపడ్డాయి. 2017లో ఓగ్రె హెడ్ స్టూడియో చేసిన అసుర ఆ పొరపాటు చేయలేదు. పైనుంచి చూసే పాత తరహా, చచ్చిన ప్రతిసారీ మారిపోయే దారులు, తన స్తోమతకు తగిన పరిమాణం. నా దృష్టిలో మన రెట్రో చరిత్రలో నిజమైన మలుపు అదే. సీమ నుంచి మాత్రం నాకు తెలిసినంతలో అలాంటిది రాలేదు.

ఆ లోటు ఆడుతున్నప్పుడే తెలుస్తుంది. స్టార్‌డ్యూ వ్యాలీలో చెరువు ఎండదు, నీళ్లు పోయకపోతే పైరు పెరగదు గాని చావదు. ఎంతో అందంగా చేసిన ఆ ఆటలో రాయలసీమ రైతు జీవితంలోని అసలు సంగతే లేదు. వేరుశనగ వేసి ఆకాశం చూడడం, అప్పు తెచ్చి బోరు వేయడం, అది పోతే ఇంకోటి వేయడం: ప్రతి ప్రయత్నమూ కొత్తగా, ఫలితం తెలియకుండా మొదలయ్యే ఈ బతుకును చెప్పడానికి రెట్రో ఆటల మళ్లీ–మొదటికి పద్ధతి కంటే తగినది నాకు కనిపించదు. సినిమా ఈ సీమకు ఫ్యాక్షన్ ముఖాన్ని అంటగట్టింది. ఆటలు కూడా అదే దారి పడితే అది మరో అన్యాయం. సెలెస్ట్ మొదట పికో–8 అనే చిన్న సాఫ్ట్‌వేర్ యంత్రంలో నాలుగు రోజుల్లో పుట్టింది, దాని తెర 128 చుక్కల వెడల్పు, అంతే ఎత్తు, రంగులు 16. ఇడుపులపాయ పిల్లలకు ఆ మాత్రం సాధనాలు చేతిలోనే ఉన్నాయి. అడ్డం వస్తున్నది పెద్దల అనుమానం. 2020లో రాష్ట్రం ఆన్‌లైన్ రమ్మీని, 2025లో కేంద్రం డబ్బు పందేల ఆటలను నిషేధించాయి. అవి అవసరమైన చట్టాలే. కాని పందెం మీద కోపంతో ఆట అనే కళనే అనుమానించడం సరికాదు.

మరో బాధ్యత కూడా మిగిలే ఉంది. 2009 అక్టోబరు తుంగభద్ర వరదలో కర్నూలు పాతబస్తీ ఇళ్ల సామాను కొట్టుకుపోయింది. మిగిలిన ఇళ్లలోని పెట్టెలు, క్యాసెట్లు పాత సామాను బండ్లకెక్కుతున్నాయి. రెట్రో ఆట మీద ప్రేమ ఉన్నవాళ్లు అమెరికా క్యాసెట్‌కు వేలు పోసి, మన మీడియా పెట్టెను పారేయడం నాకు కష్టంగా ఉంది. చిన్నచూపుకు గురైనదాన్ని దాచిపెట్టడం ఇక్కడ కొత్త కాదు. 1820లో కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్ పండితులు చిన్నచూపు చూసిన వేమన పద్యాలను వెతికించి 1829లో అచ్చు వేయించారు. ఆయన పేరున్న గ్రంథాలయం కడపలో యోగి వేమన విశ్వవిద్యాలయం నీడన నడుస్తోంది. ఈ యంత్రాలను, వాటిని అమ్మినవాళ్ల, బాగుచేసినవాళ్ల, ఆడినవాళ్ల మాటలను అక్కడ ఒక గదిలో భద్రపరచడానికి పెద్ద ఖర్చేమీ కాదు. ఆ అంగళ్లు నడిపినవాళ్లకు వయసు మీద పడుతోంది. ఈ పని వాళ్లుండగానే మొదలు కావాలి.