పులుపు మీద పడ్డ నింద

తిరునాళ్ల వచ్చిందంటే ముండ్లమూరు, దర్శి, పొదిలి వైపు పల్లెల్లో బండలాగుడు పోటీల ముచ్చట్లే. పాలపళ్ల గిత్తలకు ఒక విభాగం, రెండు పళ్లకు ఒకటి, నాలుగు, ఆరు, ఆపైన సీనియర్లు. ఇచ్చిన నిమిషాల్లో బండను ఎన్ని అడుగులు ఈడ్చాయన్నదే లెక్క. మొదటి విడతలో ఒంగోలు జత బరువే లేనట్టు ఉరుకుతుంది. మైకులో టైము వినబడుతూనే ఉంటుంది, తోలేవాళ్ల అదిలింపులూ ఆగవు. కాసేపటికి డొక్కలు ఎగరేస్తాయి, నోట నురగ కడుతుంది, కాళ్లు తన్నిపట్టినా బండ కదలదు. మేతకు లోటు లేదు. నెలల తరబడి ఉలవలు పెట్టి మేపిన ఎడ్లవి. మరి ఆ కండల్లో ఏం జరిగినట్టు?

బడికెళ్లిన వాళ్లందరికీ ఒక జవాబు నోటికొచ్చు: ఆక్సిజన్ చాలక అవాయు శ్వాసక్రియ మొదలైంది, లాక్టిక్ ఆమ్లం పేరుకుంది, కండ అలిసింది. ఈ జవాబులో సగం నిజం. మిగతా సగాన్ని తలకిందులు చేసినవాళ్లలో మన భీమవరంలో పుట్టిన మనిషి ఒకరు.

లాక్టిక్ ఆమ్లం మొదట దొరికింది కండలో కాదు, పులిసిన పాలల్లో. 1780లో స్వీడన్ రసాయనవేత్త షీలే దాన్ని వేరుచేశాడు. 1807 ప్రాంతంలో అదే దేశానికి చెందిన బెర్జీలియస్‌కు వేటలో తరిమి చంపిన దుప్పుల కండల్లో అది కనబడింది. ఎంత పరుగెత్తితే అంత పులుపు అని ఆయన అనుకున్నాడట. వందేళ్ల తర్వాత, 1907లో, కేంబ్రిడ్జిలో ఫ్లెచర్, హాప్కిన్స్ కప్ప కండలతో సంగతి తేల్చారు. కండను నలగ్గొడుతూ ఆమ్లం తీస్తే ఆ నలిగినందుకే కొత్త ఆమ్లం పుడుతుంది. అందుకని కండను మంచులా చల్లబరిచిన ఆల్కహాల్‌లో ముంచి, మార్పులన్నీ అక్కడికక్కడే ఆపేశారు. ఆక్సిజన్ అందని కండ పనిచేస్తే ఆమ్లం పెరిగింది, ఆక్సిజన్ తగిలితే తగ్గింది.

ఇక్కడ ఒక మాట. చెడుగుడులో కూత పట్టినవాడు ఊపిరి బిగబడతాడు కాబట్టి అదే అవాయు శ్వాసక్రియ అనుకునేవాళ్లు చాలామంది. ముక్కుతో దీనికి పని లేదు. గుండెలనిండా గాలి పీలుస్తున్నా, కండ అడిగే వేగానికి ఆక్సిజన్ దారి సరిపోకపోతే చాలు, చక్కెర సగంలోనే విరిగి లాక్టిక్ ఆమ్లం దగ్గర ఆగుతుంది. ఒక గ్లూకోజ్ అణువు నుంచి ఈ దారిలో దక్కే, కండకు శక్తినిచ్చే ఏటీపీ అణువులు నికరంగా రెండే. ఆక్సిజన్ దారిలో ముప్ఫై దాకా వస్తాయి. గిట్టుబాటు తక్కువే, కానీ చేతికి తొందరగా వస్తుంది.

ఈ పరిశోధనలను ముందుకు తీసుకెళ్లిన ఎ.వి. హిల్, ఒట్టో మేయర్‌హాఫ్‌లకు 1922 సంవత్సరపు నోబెల్ దక్కింది. పరుగు ఆపాక కూడా ఆగని ఆయాసానికి హిల్ ‘ఆక్సిజన్ బాకీ’ అని పేరు పెట్టాడు. కండను కదిలించేదే లాక్టిక్ ఆమ్లమన్న నమ్మకం ఆ రోజుల్లో గట్టిగా నాటుకుంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఎల్లాప్రగడ సుబ్బారావు బోస్టన్ చేరారు. 1895లో భీమవరంలో పుట్టి, మద్రాసు మెడికల్ కాలేజీలో చదివి, ఖద్దరు కట్టినందుకు ప్రొఫెసరు కోపానికి గురై ఎంబీబీఎస్‌కు బదులు చిన్న డిగ్రీతో బయటపడ్డ మనిషి. అమెరికాలో పొట్ట గడవడానికి ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్రాల పాత్రలు కూడా ఎత్తారు. హార్వర్డులో సైరస్ ఫిస్కే దగ్గర ఆయనకు అప్పగించిన పని ఫాస్ఫరస్‌ను కొలవడం. నమూనాకు మాలిబ్డేట్ కలిపి, ఇంకో రసాయనం చేరిస్తే నీలిరంగు తేలుతుంది. నీలం ఎంత చిక్కనైతే ఫాస్ఫేట్ అంత ఎక్కువ. 1925లో అచ్చయిన ఈ ‘ఫిస్కే–సుబ్బారావు పద్ధతి’ ఆ తర్వాత తరతరాల బయోకెమిస్ట్రీ విద్యార్థులకు ప్రాక్టికల్ అయింది.

అసలు కథ ఆ నీలంలో తేడా రావడంతో మొదలైంది. కండ రసంలో రంగు రావలసినంత త్వరగా రావడం లేదు. నిమిషాలు గడిచేకొద్దీ మెల్లగా చిక్కబడుతోంది. మరొకరైతే సీసా సరిగ్గా కడగలేదనుకుని పారబోసేవారేమో. ఫిస్కే, సుబ్బారావు ఆగి చూశారు. ఫాస్ఫేట్‌ను పట్టి ఉంచిన ఏదో పదార్థం పరీక్షలో వాడే ఆమ్లంలో విరిగిపోతూ దాన్ని కొద్దికొద్దిగా వదులుతోంది. అదే ఫాస్ఫోక్రియాటిన్. పిల్లి కండ పనిచేస్తుంటే అది తగ్గుతుందనీ, విశ్రాంతిలో మళ్లీ చేరుకుంటుందనీ 1927లో ప్రకటించారు. లండన్‌లో ఎగిల్టన్ దంపతులకూ అప్పుడే ఇలాంటి పదార్థమే దొరికింది. 1929లో ఏటీపీ బయటపడింది. అప్పుడూ ఇటు హార్వర్డులో ఈ ఇద్దరికి, అటు జర్మనీలో కార్ల్ లోమన్‌కు విడివిడిగా దొరికింది.

ఏటీపీ జేబులో చిల్లర అయితే, ఫాస్ఫోక్రియాటిన్ అడగ్గానే పక్కింట్లో దొరికే చేబదులు. గట్టిగా లాగితే ఆ చేబదులు పది సెకన్ల మాట. ఆ తర్వాత భారమంతా చక్కెర మీదే. మొదటి ఉరుకులో ఒంగోలు జతకు అంత ఊపు రావడం, మలుపు దగ్గర ఊపిరి తీసుకోనిస్తే మళ్లీ కదలడం ఇక్కడే అర్థమవుతాయి. ఖర్చయిన ఫాస్ఫోక్రియాటిన్‌లో దాదాపు సగం అర నిమిషంలోనే తిరిగి వస్తుంది.

1930లో డెన్మార్కులో లుండ్స్‌గార్డ్ కండకు ఒక విషం పెట్టి లాక్టిక్ ఆమ్లం పుట్టకుండా చేశాడు. అయినా కండ ముడుచుకుంది! పాత సిద్ధాంతానికి అక్కడితో నూకలు చెల్లాయి. నోబెల్ అందుకున్న హిల్ పంతానికి పోలేదు. 1932లో రాసిన వ్యాసానికి ‘కండర శాస్త్రంలో విప్లవం’ అన్న అర్థం వచ్చే పేరే పెట్టాడు. సుబ్బారావుకు మాత్రం హార్వర్డులో శాశ్వత ఉద్యోగం దొరకలేదు. 1940లో లెడర్లీ మందుల కంపెనీకి వెళ్లిపోయి, 1948లో కన్నుమూశారు.

అలుపుకు కారణం ఒక్కటే అని ఇవాళ ఎవరూ అనడం లేదు. కండలో చేరే ఆమ్లగుణం, చక్కెర నిల్వలు తరిగిపోవడం, మెదడు పంపే ఆజ్ఞలు మందగించడం, అన్నిటి పాత్రా ఉంది. అయితే లాక్టిక్ ఆమ్లం కన్నా గట్టి అనుమానం ఇప్పుడు దేని మీద ఉందో తెలుసా? ఫాస్ఫోక్రియాటిన్ విరిగినప్పుడు మిగిలే ఫాస్ఫేట్ మీద. సుబ్బారావు నీలిరంగుతో కొలిచింది దాన్నే. లాక్టిక్ ఆమ్లం ఒంట్లో ఉండే రూపమైన లాక్టేట్ అయితే చెత్త కానే కాదని, పక్క కండలూ గుండే దాన్ని ఇంధనంగా వాడుకుంటాయని 1980ల నుంచి కాలిఫోర్నియాలో జార్జ్ బ్రూక్స్ చూపిస్తూ వచ్చారు.

పాత నింద మాత్రం జిమ్ముల్లో ఇంకా బతికే ఉంది. మర్నాడు ఒళ్లు నొప్పులు పుడితే కోచ్ ‘లాక్టిక్ యాసిడ్’ అంటాడు. కసరత్తు ఆపిన గంట, గంటన్నరలో లాక్టేట్ మామూలు స్థాయికి వచ్చేస్తుంది. నొప్పి రెండో రోజుకు ముదురుతుంది. రెంటికీ కాలం కుదరదు. కండ పోగుల్లో సన్నని చిరుగులే కారణం కావచ్చని 1902లోనే థియోడర్ హఫ్ అన్నాడు. బరువు మోస్తూ కండ సాగేటప్పుడే ఆ దెబ్బ ఎక్కువ. అలిపిరి నుంచి తిరుమలకు నడిచి ఎక్కి, బస్సెక్కకుండా మెట్ల మీదే దిగొచ్చినవాళ్ల తొడలను అడగండి. ఆయాసం ఎక్కేటప్పుడే, నొప్పి మటుకు ఎక్కువగా దిగుడు వల్లే.