కొండల నాశ్రయించిన పోరాటములు – మిగిలినవారి సాక్ష్యము

పెన్నానదికి ఉత్తరపుటొడ్డున నున్న కోవూరు సీమ పల్లపు వరిభూమి. కాలువల నీటితో పండెడు ఆ మాగాణములలో తుపాకి చేతబట్టినవాడు దాగుటకు చాటైన గుట్ట యొక్కటియు లేదు. అట్టి సీమయందు, నాటి కోవూరు తాలూకాలోని అలగానిపాడున, 1913 మే 1వ తేదిని కలిగిన భూస్వామి కుటుంబమున జన్మించిన పుచ్చలపల్లి సుందరయ్య, అరణ్యములలో సాగిన యొక సాయుధపోరాటమునకు నాయకులలో నొకడును, పిమ్మట దానికి చరిత్రకారుడును అగుట విశేషము. తెలంగాణ పోరాటమునుగూర్చి ఆయన రచించిన బృహద్గ్రంథము 1972లో వెలువడినది. ఓడిన పక్షమునకు చెందిన నాయకుడు తన పక్షపు లెక్కలను, తప్పులను, మృతుల పేళ్లను ఇంత విస్తరముగా వ్రాసియుంచిన సందర్భములు చరిత్రలో మిక్కిలి లేవు.

ఈ పోరాటమును దేశీయ దృష్టితో మాత్రమే చూచుట మనకు వాడుక. కాని అవే యేండ్లలో యూరోపుఖండమున, రొమేనియా దేశమునందలి ఫగరాష్ పర్వతములలో, సరిగా దీనికి విపరీతమైన సిద్ధాంతముతో మఱియొక పోరాటము జరిగెను. ఇట కమ్యూనిస్టులు ప్రభుత్వమునకు వెఱచి అడవి జొచ్చిరి. అట కమ్యూనిస్టు ప్రభుత్వమునకు వెఱచి ఇతరులు కొండ లెక్కిరి. సిద్ధాంతములను ఒకింత ప్రక్కనుంచి, ఈ రెంటి నడకను పోల్చి చూచినచో, కేవల దేశచరిత్రలో కానరాని సంగతులు కొన్ని తేటపడును.

తెలంగాణ వృత్తాంతము పాఠకులెఱిగినదే. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగిన పిమ్మట దొరలపైని, రజాకార్లపైని సాగిన తిరుగుబాటు, 1948 సెప్టెంబరు 17న నిజాము లొంగిపోవుటతో స్వరూపము మార్చుకొనెను. అంతవఱకు నిజాముతో పోరిన దళములు ఇపుడు భారతసైన్యము నెదిరింపవలసివచ్చెను. ఇక పోరాటము చాలింపవలెనని రావి నారాయణరెడ్డి తలచెను. సాగింపవలెనని పార్టీలోని ఇతరులు నిశ్చయించిరి. మైదానపు పల్లెలలో నిలువలేక దళములు కృష్ణాతీరపు నల్లమలకును, గోదావరీతీరపు కోయసీమకును తరలెను. 1951 అక్టోబరు 21న పోరాటము విరమింపబడెను. సుమారు నాలుగువేలమంది మడిసిరనియు, పదివేలకు మించినవారు చెఱలయందుండిరనియు సుందరయ్య లెక్క.

రొమేనియా కథ మనవారికి క్రొత్త. 1947 డిసెంబరు 30న ఆ దేశపు రాజు మైఖేలు సింహాసనము వీడవలసివచ్చెను. 1948 ఆగస్టులో సెకురితాతె అను రహస్యపోలీసుశాఖ ఏర్పడెను. 1949 మార్చిలో పొలములను సమష్టిక్షేత్రములుగా చేయు నిర్ణయము వెలువడెను. భూమి పోవునను భయము రైతునకు, చెఱ తప్పదను భయము విద్యార్థులకు, సైనికోద్యోగులకు కలుగగా, చిన్నచిన్న గుంపులు కొండల కెగబ్రాకెను. ఫగరాష్ ఉత్తరపు వాలున ఇయోన్ గవ్రిల ఒగొరాను నాయకత్వమున యువకులు కొందఱుండిరి. దక్షిణపు వాలున నుక్షోర గ్రామప్రాంతమున తోమా అర్నౌట్సోయు అను పూర్వసైనికోద్యోగియు, అతని తమ్ముడును 1949 మొదలు 1958 వఱకు తొమ్మిదేండ్లు పట్టువడక నిలిచిరి. వీరి నందఱను నిష్కళంకులైన స్వాతంత్ర్యవీరులుగా కొనియాడుటయు తగదు. ఒగొరాను వంటివారు యూదులపై ద్వేషమును బోధించిన 'ఇనుపదళ' సంస్థ యువజన శాఖలో పెరిగినవారు. ఇటు తెలంగాణమునను వేగులవారను అనుమానముతో దళములు చంపినవారు కలరు. ఈ రెండు విషయములను దాచి వ్రాసిన చరిత్ర స్తోత్రపాఠమే యగును.

ఇక ముఖ్యమైన సంగతి. కొండ యోధుని దాచును గాని పోషింపదు. దట్టమైన అడవిలో తుపాకికి గుండ్లు కొఱవడుట కంటె ముందుగా ఉప్పు, గింజలు కొఱవడును. నల్లమలలో చెంచులు, గోదావరి యడవులలో కోయలు దారి చూపి, నీటి చెలమల జాడ తెలిపి, గంజి పోసిరి. నుక్షోరలో ఎలిసబేత రీజ్య వంటి రైతుస్త్రీలు రొట్టెయు వార్తయు మోసిరి. అందువలన రెండు ప్రభుత్వములును యోధుని విడిచి అన్నము పెట్టినవానిపై బడినవి. కోయగూడెములను తగులబెట్టి, జనులను కొంపలనుండి లేపి శిబిరములలో చేర్చిన వైనమును సుందరయ్య సవిస్తరముగా వ్రాసినాడు. రొమేనియాలో శిబిరములకు మాఱు చెఱసాల. ఎలిసబేతను తలవెండ్రుకలతో వ్రేలాడదీసి హింసించిరని ఆమెయే చెప్పినది. ఆమె చెఱలో గడపిన కాలము మొత్తము పండ్రెండేండ్లు. నేలయొక్క స్వభావము సైతము పోరాటమునకు చేటు తెచ్చెను. ఫగరాష్ మంచుపై అడుగుజాడ దాగదు గావున శీతకాలమంతయు గుహలలో, గోతులలో కదలక పడియుండవలెను. నల్లమలలో ఆపద వేసవిది: ఆకురాలిన అడవి చాటు కాదు, ఎండిన వాగు దాహము తీర్పదు, మిగిలిన నీటిగుంటకడ కావలివాడు కూర్చుండును.

రెండుచోట్లను దూరదేశముపై నొక యాశ యుండెను. అమెరికనులు వత్తురను మాట రొమేనియా కొండలలో ఏండ్ల తరబడి వినబడెను; వారు రాలేదు. తెలంగాణ విషయమున జరిగినది వేఱు. 1951 ఆరంభమున చండ్ర రాజేశ్వరరావు, మాకినేని బసవపున్నయ్య, అజయ్ ఘోష్, డాంగే అను నలుగురు రహస్యముగా మాస్కోకు పోయి స్టాలినును కలిసికొనిరి. చైనా యోధులకు వెనుక స్నేహరాజ్యపు సరిహద్దు కలదనియు, తెలంగాణమున కట్టి ఆధారము లేదనియు అతడు వారికి తెలిపెను. రొమేనియా ప్రభుత్వమునకు వెన్నుదన్నుగా నిలిచినవాడే ఇట యుద్ధవిరమణకు దారితీసిన సలహా నిచ్చెను. కోయగూడెములలో గంజి పోసినవారికి ఈ సంభాషణ నాడు తెలియదు. దాని పత్రములు అర్ధశతాబ్దమునకు దగ్గఱగా గడచినపిమ్మటనే పండితుల చేతికి చిక్కినవి.

పోరాటములు ముగిసినతీరు మాత్రము పోలికకు లొంగదు. 1952లో తొలి సార్వత్రికమైన ఎన్నికలలో రావి నారాయణరెడ్డి నల్లగొండనుండి లోకసభకు గొప్ప ఆధిక్యముతో ఎన్నికయ్యెను. అజ్ఞాతవాసము వీడిన సుందరయ్య ఆ యేడే రాజ్యసభలో ప్రవేశించెను. అల్లూరి సీతారామరాజు అనుచరుడై పోరాడి అండమానునుండి తిరిగివచ్చిన గాం మల్లుదొరయు విశాఖపట్టణమునుండి ఆ తొలి లోకసభ కెన్నికయ్యెను. మూడేండ్ల లోపల అడవినుండి సభామందిరమునకు దారి యేర్పడెను. విరమణకు తరువాత సయితము చెఱలలో మ్రగ్గినవారు కలరు గాన, ఇది పాలకుల దయయని చెప్పరాదు. వోటు అను సాధనముండుటచే కలిగిన ఫలమని చెప్పనగును. రొమేనియాలో ఆ సాధనము లేదు. అర్నౌట్సోయు సోదరులు 1958లో పట్టువడి, 1959 జూలై 18న జిలావ చెఱలో చంపబడిరి. ఒగొరాను గుంపు 1955లో వంచనచేత విచ్ఛిన్నమై, పట్టువడినవారిలో పలువురు 1957లో మరణదండన పొందిరి. ఒగొరాను ఒక్కడు మాత్రము ఒక వితంతువు ఇంట తలదాచుకొని 1976 వఱకు చిక్కలేదు. ఆమెను అతడు వివాహమాడెను. చిక్కినపిమ్మట ప్రాణములతో విడువబడి, 2006 మే 1న మరణించెను. అతని జ్ఞాపకములు 1989లో ప్రభుత్వము కూలినపిమ్మట గాని అచ్చుకాలేదు.

నోరు విప్పుటకు అచట నలువదియేండ్లు పట్టెనని, ఇచట వెంటనే వీలయ్యెనని తలచుట సగమే సత్యము. తెలంగాణ నాయకులు త్వరలోనే వ్రాసిరి, పలికిరి. దళములలో నడచిన స్త్రీలమాట యట్లు కాదు. వారి నోటిమాటలు 'మనకు తెలియని మన చరిత్ర' అను గ్రంథమున 1986లో, అనగా విరమణకు ముప్పదియైదేండ్లకు వెలువడినవి. ఆ సాక్ష్యములలో పోరాటముపైని గర్వముతోపాటు, విరమణానంతరము ఇంటికి పోయి కాపురము చేసికొనుమని పలికిన తమ పార్టీపైని నిష్ఠూరము కలదు. అడవిలో కన్న శిశువును ఇతరుల కప్పగించి దళముతో సాగవలసివచ్చిన తల్లి మాటయు అందున్నది. నుక్షోర గుంపులో సయితము 1956లో ఒక యాడుబిడ్డ కొండపై జన్మించెను. తల్లిదండ్రులు పట్టువడినపుడు ఆ శిశువును అనాథశాలకు పంపిరి. తానెవరి బిడ్డయో ఆమెకు 1989 తరువాతనే తెలిసినది. ఇట్టి సంగతులు ఏ యుద్ధనివేదికలోను, ఏ పార్టీ తీర్మానములోను కానరావు.

వృద్ధాప్యమున చెప్పిన మాటలందు తేదీలు తారుమారగును. శత్రువుల సంఖ్య పెరుగును. కావున సాక్ష్యమును పత్రములతో సరిచూడవలెననుట నిజమే. కాని సెకురితాతె పత్రములు హింసచే రాబట్టిన ఒప్పుకోళ్లు. పోలీసు పత్రములు పట్టుకొన్నవాడు వ్రాసినవి. వాటికి సత్యత్వ మధికమని ముందుగా నిర్ణయించుట పరిశోధకునకు చెల్లదు. ఎలిసబేత రీజ్య 2003లో మరణించినది. గోదావరి యడవులలో కోయలనడుమ రాజక్క అను పేరుతో తిరిగిన మల్లు స్వరాజ్యము, 'నా మాటే తుపాకీ తూటా' అను తన ఆత్మకథ 2019లో వెలువడినపిమ్మట, 2022 మార్చి 19న హైదరాబాదున కన్నుమూసినది. నాడు గంజి పోసిన కోయ, చెంచు కుటుంబముల వారి మాటలలో గ్రంథస్థమైనవి మిక్కిలి స్వల్పము.